వెల్వెట్ సోఫాని రుద్దకండి, అద్దండి

మా ఇంట్లో బాటిల్ గ్రీన్ వెల్వెట్ సోఫా ఒకటి ఉంది, మూడు సీట్లది. ఎడమవైపు సీటు మీద అరచేయంత మేర బట్ట కాస్త నున్నగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. వచ్చినవాళ్లందరూ దాన్ని మరక అనుకుంటారు. మరక పోయి చాలా కాలమైంది. కొన్న మూడో వారంలోనే మా చిన్నోడు పాల గ్లాసు ఒలకబోశాడు, నేను కంగారులో గిన్నెలు తోమే పీచు, డిష్‌వాష్ లిక్విడ్ పట్టుకొచ్చి ఐదు నిమిషాలు ఆపకుండా రుద్దేశాను. పాలు పోయాయి, వాటితోపాటు నూగు కూడా లేచిపోయింది. ఇక ఏం చేసినా తిరిగి రాలేదు. ఆ రోజు నేనేం చేయకుండా పాత బట్ట ఒకటి దాని మీద అదిమిపెట్టి ఊరుకున్నా ఇంతకంటే బాగుండేది.

అప్పటి నుంచి నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. కొన్ని మా కుషన్ రిపేర్ చేసే ఆయన దగ్గర, కొన్ని నా తప్పుల దగ్గర నేర్చుకున్నవి.

ముందు ఆ బట్ట ఏంటో తెలియాలి

వెల్వెట్ అనేది దారం పేరు కాదు, నేత పేరు. రెండు బట్టల్ని ఎదురెదురుగా నేస్తూ, ఆ రెండింటి మధ్య అటూ ఇటూ తిరిగే దారాల్ని నడిమికి కత్తితో కోస్తారు. అలా విడిపోయిన ఒక్కో బట్ట మీద తెగిన దారాల కొసలు నిలబడి ఉంటాయి, కోత అయిపోయిన వరిమడిలో కొయ్యకాళ్లలాగా. కాకపోతే చాలా ఒత్తుగా, మెత్తగా. అదే నూగు. చిన్నప్పుడు తొలకరి పడగానే ఇసుకలో కనిపించే ఆరుద్ర పురుగుని వేలితో నిమిరినవాళ్లకి ఆ మెత్తదనం గురించి నేను చెప్పక్కర్లేదు.

ఈ నూగు నిటారుగా ఉండదు, ఒక పక్కకి వాలి ఉంటుంది. సోఫా మీద అరచెయ్యి పెట్టి ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి నిమిరి చూడండి. ఒకవైపు చెయ్యి జారుకుంటూ పోతుంది, రంగు లేతగా మెరుస్తుంది. రెండోవైపు కొంచెం పట్టినట్టు ఉంటుంది, రంగు ముదురుతుంది. చెయ్యి జారిన వైపే దాని వాలు. చాలా సోఫాల్లో వెనక దిండు మీద పైనుంచి కిందికి, సీటు మీద వెనకనుంచి ముందుకి ఉంటుంది, కానీ మీది మీరే చూసుకోవాలి, ఎందుకంటే కుట్టినవాళ్లు బట్ట కలిసిరావడం కోసం ఒక ముక్కని తిప్పి కూడా వేసేస్తారు.

కొత్తగా కొన్నవాళ్లు "నెల తిరక్కముందే షేడ్ మారిపోయింది, పాత బట్ట వేసి మోసం చేశారు" అని షాపువాళ్ల మీదకి వెళ్తుంటారు. చాలాసార్లు అది మోసం కాదు. మనం కూర్చున్న చోట నూగు పడుకుంటుంది, వెలుతురు దాని మీద ఇంకోలా పడుతుంది, అంతే. చేత్తో ఎదురు నిమిరితే రంగు తిరిగొస్తే అది మరక కాదని గుర్తు. కడిగి పోగొట్టడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక దారం సంగతి. ఇప్పుడు మన షాపుల్లో హాలండ్ వెల్వెట్ అనీ ఇంకోటనీ అమ్మే వాటిలో ఎక్కువ భాగం పాలిస్టర్. మన అదృష్టం కొద్దీ కాస్త మొండిది అదే, కొద్దిగా తడి తగిలినా తట్టుకుంటుంది. కాటన్ వెల్వెట్ తడికి ముడుచుకుంటుంది, రంగు దిగొచ్చు. విస్కోస్ ఉంది చూశారూ, దానికి నీళ్లంటేనే పడదు. తడిస్తే దారం బలం తగ్గిపోతుంది, నూగు అణిగిపోయి లేవదు, ఒక్క నీటి చుక్క పడినా మచ్చ మిగులుతుంది. పట్టు వెల్వెట్ ఎవరింట్లోనైనా ఉంటే, అంటే తాతల నాటి కుర్చీ ఏదైనా, దయచేసి కింద రాసినవేవీ దాని మీద చేయకండి. దుమ్ము తీసి వదిలేయండి.

కంపెనీ సోఫా అయితే సీటు కిందో కుషన్ జిప్పు లోపలో చిన్న లేబుల్ ఉంటుంది. దాని మీద 'డబ్ల్యూ' అక్షరం ఉంటే నీళ్లతో చేసే క్లీనర్లు వాడొచ్చు. 'ఎస్' అంటే నీళ్లు వద్దు, డ్రైక్లీనింగ్ ద్రవాలే. రెండూ కలిపి ఉంటే రెండూ ఓకే. 'ఎక్స్' అంటే వ్యాక్యూమ్ తప్ప ఇంకేమీ చేయొద్దని. లోకల్‌గా చేయించుకున్నవాటికి లేబుల్ ఉండదు. అలాంటప్పుడు సోఫాని పక్కకి వాల్చి, అడుగున స్టేపుల్ పిన్నులతో కొట్టిన నల్ల బట్ట అంచు దగ్గర వెల్వెట్ మడత నుంచి రెండు దారాలు లాగండి. పట్టకారుతో పట్టుకుని సింకు మీద అగ్గిపుల్లతో అంటించండి. కరిగి, చల్లారాక గట్టి పూసలా అయితే పాలిస్టరో నైలానో. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే కాటన్ గానీ విస్కోస్ గానీ. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. సోఫా దగ్గర మాత్రం అగ్గిపుల్ల గీయకండి, ఫోమ్ అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు.

వారానికోసారి చేసే పని

సగం మెయింటెనెన్స్ ఇదే, చాలామంది చేయనిదీ ఇదే. దుమ్ము నూగు మీద ఉన్నంతసేపు దుమ్మే, దాని మీద మనం కూర్చుని లేస్తూ ఉంటే అది అడుక్కి దిగి ఇసుకలా దారాల్ని కోస్తుంది. పైగా చెమట, జిడ్డు తోడైతే మట్టి ముద్దలా పట్టుకుంటుంది. వారానికోసారి వ్యాక్యూమ్‌కి మెత్తటి బ్రష్ ఉన్న మూతి తగిలించి, స్పీడు తగ్గించి, వాలు వెంబడే లాగండి. బోడి ప్లాస్టిక్ మూతి పెట్టి నొక్కితే చారలు పడతాయి. సీటుకీ వీపుకీ మధ్య సందులో సన్నటి మూతి పెట్టండి, మురుకుల ముక్కలు, వేరుశనగ పొట్టు, చిల్లర, రిమోట్ కింది మూత అన్నీ అక్కడే దొరుకుతాయి.

వ్యాక్యూమ్ లేకపోతే మెత్తటి బట్టల బ్రష్ చాలు. దులపడం అంటే కర్రతో కొట్టడం కాదు. పండక్కి ముందు బూజు దులిపేటప్పుడు మాత్రం సోఫా మీద దుప్పటి కప్పడం మర్చిపోకండి, నేను ఒక సంక్రాంతికి మర్చిపోయి మర్నాడంతా ఆ పనే చేశాను. పిల్లి, కుక్క వెంట్రుకలకి రబ్బరు గ్లౌజు వేసుకుని, దాన్ని కొద్దిగా తడిపి, దాదాపు ఆరిపోయాక ఒకే వైపు నిమరండి, వెంట్రుకలు ఉండ కట్టి వచ్చేస్తాయి. టేపు అంటించి పీకడం నాకు నచ్చదు, జిగురు మిగిలితే దాని మీద మళ్లీ దుమ్ము.

ఒలికిన మొదటి రెండు నిమిషాలు

ఇక్కడే గెలుపోటములు తేలేది. టిష్యూ పేపర్ వద్దు, తడిసి ముక్కలై నూగులో ఇరుక్కుంటుంది. పాత తెల్ల పంచె ముక్క దాచుకోండి, అంచు రంగుది ఉంటే కత్తిరించేయండి. ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ పీల్చినట్టు ఇంకేదీ పీల్చదు. నాలుగు మడతలు వేసి మరక మీద పెట్టి, అరచేత్తో నిటారుగా నొక్కండి. పదంకెలు లెక్కపెట్టండి. ఎత్తండి. తడవని మడత తిప్పి మళ్లీ పెట్టండి. పెద్ద మరకైతే అంచు నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి మొదలుపెడితే అది పక్కలకి పాకుతుంది. చెయ్యి పక్కకి జరిగిందంటే అది అద్దడం కాదు, రుద్దడమే. పెరుగన్నం, పప్పు లాంటివి పడితే ముందు చెంచా వెనకవైపుతో పైపైన ఎత్తేయండి, తర్వాత అద్దండి.

పాలిస్టర్ వెల్వెట్ మీద నీళ్లలాంటివి పడితే చాలాసార్లు ఇంతటితో పని అయిపోతుంది. అవ్వకపోతే నురగ.

నురగ పద్ధతి

ఒక గిన్నెలో అర లీటరు గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్. నాలుగు చుక్కలంటే నాలుగే. చేత్తో బాగా గిలక్కొడితే పైన నురగ వస్తుంది, మనకి కావలసింది ఆ నురగే, కింది నీళ్లు కాదు. బట్ట ముక్కతో ఆ నురగ తీసుకుని ముందు సోఫా వెనక కనిపించని చోట అద్ది, పది నిమిషాలాగి తెల్లబట్టతో నొక్కి చూడండి. తెల్లబట్టకి రంగు అంటిందంటే అక్కడితో ఆపేయండి, ముదురు మెరూన్, నేవీ బ్లూ బట్టలకి ఈ జబ్బు ఎక్కువ. రంగు దిగకపోతే మరక మీద నురగ అద్ది, నిమిషం ఆగి, మంచి నీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్టతో సబ్బు పోయేదాకా అద్ది, తర్వాత పొడి బట్టతో అద్దండి. సబ్బు మిగిలితే ఆ చోటే నెలకల్లా మిగతా సోఫా కంటే ముందు మురికి పడుతుంది.

ఒక చిక్కుంది. మరక ఉన్నంత మేరే తడిపితే, ఆరాక దాని చుట్టూ వలయం ఏర్పడుతుంది, అంటే మరక పోయి మ్యాప్ వస్తుంది. అందుకని ఆ పిండిన తడి బట్టతోనే, చివర్లో, సీటు మొత్తం ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా చాలా పలచగా తుడవండి, వాలు వెంబడే. కుట్టు దగ్గర ఆగితే అంచు కనిపించదు. తర్వాత ఫ్యాను ఫుల్లుగా పెట్టండి. అరగంటకోసారి మెత్తటి బ్రష్‌తో, పసిపిల్లల తల దువ్వే బ్రష్ భలే పనికొస్తుంది, ఎదురు వాలుకి ఒకసారి, వాలు వెంబడి ఒకసారి దువ్వండి. నూగు తడిగా ఉన్నప్పుడు ఎలా పడుకుంటే ఆరాక అలాగే బిగుసుకుపోతుంది. పూర్తిగా ఆరేదాకా ఎవరినీ కూర్చోనివ్వద్దు, ఈ చివరి మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ వినరు.

పసుపు, నూనె, మిగతా మన ఇంటి మరకలు

వీటి గురించి పరాయి దేశాల వీడియోలు చూస్తే వైన్ మరకల గురించే చెప్తారు. మనకి కావలసింది ఆవకాయ.

పసుపుతో మొదటి రూలు, బట్టల సబ్బు, వాషింగ్ పౌడర్, వంటసోడా దాని దగ్గరికి తేవద్దు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం అందరం చూసిందే. క్షారం ఏది తగిలినా పసుపు అలాగే ఎర్రబడుతుంది. పప్పు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రటి మచ్చ చూసి గుండె ఆగినంత పనవుతుంది, టెన్షన్ పడకండి, ఒక వంతు తెల్ల వెనిగర్‌కి నాలుగు వంతుల నీళ్లు కలిపి అద్దితే తిరిగి పసుపు రంగుకి వస్తుంది. పసుపు రంగు నీళ్లలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని దూదికి కాకుండా తెల్లబట్టకి అద్దుకుని, పాలిస్టర్ అయితేనే, వెనక టెస్ట్ చేశాకే, కొద్దికొద్దిగా అద్దండి. బట్టకి పసుపు ఎక్కుతూ ఉంటే పని చేస్తున్నట్టే. కిటికీ తీసి పెట్టండి, పక్కన దీపం, అగరుబత్తీ లేకుండా చూసుకోండి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం స్పిరిట్ లాంటిదే కదా అని వాడొద్దు, అందులో అసిటోన్ ఉంటే కొన్ని రకాల దారాల్ని ఏకంగా కరిగించేస్తుంది.

ఇంకా లేత పసుపు మిగిలిందా, ఎండకి వదిలేయండి. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, మా అమ్మ తెల్ల చీరల మీద పసుపుని అలాగే పోగొట్టేది. కాకపోతే ఎండ సోఫా రంగుని కూడా తింటుంది, అందుకని కుషన్‌ని కిటికీ దగ్గర పెట్టి, మరక తప్ప మిగతాదంతా మందపాటి టవల్ కప్పి, రోజుకి ఓ గంట చొప్పున చూడండి.

ఆవకాయ నూనె పడితే తడి తగిలించకముందే తెల్లటి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) మందంగా చల్లండి. వంటసోడా చల్లమని చాలామంది చెప్తారు, మామూలు నూనెకి పర్వాలేదు, కానీ ఆవకాయలో పసుపు ఉంటే పైన చెప్పిన కథే. పిండి చల్లి నొక్కకుండా మూడు నాలుగు గంటలు వదిలేసి వ్యాక్యూమ్ చేయండి, పిండి ముద్దలు కట్టి పసుపురంగులో వస్తే మళ్లీ చల్లండి. బట్ట పూర్తిగా పొడిగా ఉండాలి, తడి మీద పిండి పడితే గంజి అవుతుంది, అది ఇంకో తలనొప్పి. తలానించే చోట పడే కొబ్బరినూనె జిడ్డుకి కూడా ఇదే మందు, ఆ తర్వాత నురగ. నిజానికి అక్కడ ఒక చిన్న టవల్ వేసుకోవడం ఇంకా తేలిక, పాతకాలం కుర్చీల వీపు మీద క్రోషే అల్లికలు వేసింది ఊరికే కాదు.

పాలు, కాఫీ, టీ పడితే వేడినీళ్లు వాడొద్దు, పాలు విరిగి దారానికి అతుక్కుంటాయి. చల్లటి నీళ్లతో అద్ది తర్వాత నురగ. పాల వాసన రెండు రోజులాగి వస్తుంది కాబట్టి లోపలి ఫోమ్ దాకా దిగిందేమో జిప్పు తీసి చూడండి. పిల్లల మూత్రానికి బాగా అద్దాక పైన చెప్పిన వెనిగర్ నీళ్లు, ఆ తర్వాత మామూలు నీళ్లు, ఆపైన ఫ్యాను. కొవ్వొత్తి మైనం, చూయింగ్ గమ్ మీద ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి పెడితే పెళుసెక్కుతాయి, చెంచా అంచుతో పెళ్లగించేయొచ్చు. బాల్ పెన్ గీతలకి స్పిరిట్.

నూగు అణిగిపోయిన చోట

బరువైన పెట్టె పెట్టినా, ఎప్పుడూ ఒకే చోట కూర్చున్నా నూగు పడుకుని గుంటలా కనిపిస్తుంది. దానికి ఆవిరి. బట్టల స్టీమర్ ఉంటే మంచిది, లేకపోతే స్టీమ్ ఇస్త్రీ పెట్టె. బట్టకి తగలకుండా బెత్తెడు దూరంలో పట్టుకుని ఆవిరి వదలండి, నాలుగైదు సెకన్లు చాలు. వెంటనే మెత్తటి బ్రష్‌తో ఎదురు వాలుకి లేపి, తర్వాత వాలు వెంబడి సర్దండి. మొదటిసారి చేసినప్పుడు చూడటానికి ముచ్చటేస్తుంది, ఆవిరి తగలగానే పడుకున్న దారాలు ఒక్కొక్కటే కదిలి లేస్తాయి, ముదురు మచ్చ మెల్లగా మిగతా రంగులో కలిసిపోతుంది. ఇస్త్రీ పెట్టె మాత్రం ఒక్క క్షణం కూడా ఆనించొద్దు, పాలిస్టర్ వేడికి మెత్తబడి ఆ పడుకున్నది పడుకున్నట్టే అచ్చు పడుతుంది, ఇక దేవుడు కూడా లేపలేడు. విస్కోస్‌కి, లేబుల్ మీద 'ఎక్స్' ఉన్నవాటికి ఆవిరి కూడా వద్దు.

వానాకాలం, ఎండాకాలం

మా పుట్టిల్లు కాకినాడ. అక్కడ ఆగస్టు వచ్చిందంటే అల్మారాలో చీరలే ముక్కిపోయిన వాసన వేస్తాయి, ఇక సోఫా సంగతి చెప్పాలా. గోడకి ఆనించి పెడితే వెనకవైపు తెల్లటి బూజు పడుతుంది, ముందు నుంచి కనిపించదు. జానెడు దూరం జరపండి, రోజూ కాసేపు ఫ్యాను గాలి తగలనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో తడి క్లీనింగ్ పెట్టుకోకండి, ఆరదు. బూజు పడితే ముందు అది పొడిగా రాలేలా ఆరబెట్టి, ఆరుబయట బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత వెనిగర్ నీళ్లు. షాపు నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్‌ని భద్రంగా ఏడాది పాటు అలాగే ఉంచేవాళ్లున్నారు, లోపల చెమ్మ పట్టేది అందుకే.

హైదరాబాద్ లాంటి చోట సమస్య ఎండ, దుమ్ము. పడమటి కిటికీ పక్కన సోఫా ఉంటే రెండు వేసవులకి ఆ చెయ్యి ఒక రంగు, ఈ చెయ్యి ఒక రంగు. కర్టెన్ వేయండి, లేదా ఆర్నెల్లకోసారి కుషన్లు అటూ ఇటూ మార్చండి. లేత రంగు వెల్వెట్ మీద కొత్త జీన్స్‌తో కూర్చుంటే నీలం అంటుకుంటుంది, ఇది నురగకి సరిగ్గా లొంగదు.

ఇంకో మాట, కుషన్‌కి జిప్పు ఉంది కదా అని కవర్ తీసి వాషింగ్ మెషిన్లో వేయకండి. ఆ జిప్పు ఫోమ్ లోపలికి దూర్చడానికి పెట్టింది. ఉతికితే నూగు నలిగిపోతుంది, కవర్ ముడుచుకుని మళ్లీ ఫోమ్‌కి ఎక్కదు, ఎక్కినా మిగతా సోఫా రంగుతో కలవదు.

మనిషిని పిలిపిస్తే

ఏళ్లు గడిచాక ఒకసారి బయటివాళ్లతో చేయించడం మంచిదే, కానీ ఫోన్లోనే రెండు ప్రశ్నలడగండి. వెల్వెట్ మీద తిరిగే గట్టి బ్రష్ మెషిన్ పెడతారా, పని అయ్యాక ఎంతసేపట్లో ఆరుతుంది. ఒకసారి మా ఇంటికి వచ్చిన అబ్బాయి షాంపూ నీళ్లు బకెట్‌తో కుమ్మరించినంత పని చేసి, "సాయంత్రానికి ఆరిపోద్ది మేడమ్" అని వెళ్లిపోయాడు, ఫోమ్ మూడు రోజులు ఆరలేదు, ఇల్లంతా తడి కుక్క వాసన. పైన చేత్తో ముట్టుకుంటే చల్లగా తగులుతున్నంత వరకు లోపల ఆరినట్టు కాదు.

బట్ట మార్పించే దశ వస్తే, వాలు అన్ని ముక్కలకీ ఒకే వైపు రావాలని కుట్టే ఆయనకి ముందే చెప్పండి, కోసేశాక చెప్పి లాభం లేదు. అర మీటరు బట్ట ఎక్కువ తీసుకుని చీకట్లో దాచుకోండి. స్పిరిట్, వెనిగర్, ఆవిరి, ఏ ప్రయోగమైనా ముందు ఆ ముక్క మీద. నా దగ్గర ఆ ముక్క లేకే అన్ని ప్రయోగాలూ సోఫా వెనకే చేశాను, దాన్ని గోడ నుంచి జానెడుకి మించి ముందుకి జరపకపోవడానికి అసలు కారణం అదే.